ఫోనుకు తెలిసే సంగతులు

అక్కలారా! ఫోనులో ఒక ఫోటో తీసి చూడండి. ఫోనును అడ్డంగా తిప్పండి. చాలా ఫోన్లలో ఫోటో కూడా తిరుగుతుంది. తిప్పిన సంగతి ఫోనుకు ఎలా తెలిసింది?

ఫోను లోపల ఒక పరికరం ఉంది. కందిగింజ కన్నా చిన్నది. పేరు మాత్రం పెద్దది: యాక్సిలరోమీటర్. ఫోను కదిలినా, వణికినా దానికి తెలుస్తుంది.

2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. చాలా ఊళ్ళలో జనం భయపడి ఇళ్ళ బయటికి వచ్చారు. ఇలాంటప్పుడు ఫోను ఏం చేయగలదు?

బల్ల మీద పెట్టిన ఫోను కదలకుండా ఉంటుంది. భూమి కంపిస్తే అదీ వణుకుతుంది. వెంటనే ఎక్కడో ఉన్న కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఒక్క ఫోను వణికితే లెక్క కాదు. పిల్లవాడు బల్లను తన్ని ఉండొచ్చు. ఒకే ప్రాంతంలో ఎన్నో ఫోన్లు ఒకేసారి వణికితే అది భూకంపం. అప్పుడు చుట్టుపక్కల ఫోన్లకు హెచ్చరిక వస్తుంది. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోన్లలో 2020లో ఈ ఏర్పాటు మొదలుపెట్టింది. మన దేశానికి ఇది 2023లో వచ్చింది.

భూమిలో కంపం కన్నా ఫోను కబురు ఎంతో వేగంగా పోతుంది. అందుకే దూరాన ఉన్నవాళ్ళకు కొన్ని సెకన్లు దొరుకుతాయి. దగ్గర ఉన్నవాళ్ళకు ఆ వ్యవధి దొరక్కపోవచ్చు. రేపు భూకంపం వస్తుందని మాత్రం ఏ ఫోనూ చెప్పలేదు.

హెచ్చరిక వస్తే ఏం చేయాలి? ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి దూరండి. తల కాపాడుకోండి. బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా ఉండండి.

ఈ హెచ్చరిక రావాలంటే ఫోనులో నెట్ ఉండాలి. 'లొకేషన్' ఆన్ చేసి ఉండాలి. లొకేషన్ అంటే మీరున్న చోటు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. చాలా యాప్‌లు మీ లొకేషన్ అడుగుతాయి. టార్చిలైటు యాప్‌కు మీరెక్కడున్నారో ఎందుకు? 'అనుమతించవద్దు' అని నొక్కండి. చదవకుండా 'సరే' నొక్కడం, చదవకుండా కాగితం మీద వేలిముద్ర వేయడం ఒక్కటే. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. చదివి నొక్కుదాం.

చెప్పండి:
1. ఒక్క ఫోను వణికితే భూకంపం అని ఎందుకు అనుకోకూడదు?
2. భూకంప హెచ్చరిక వస్తే మీ ఇంట్లో ఎక్కడ తల దాచుకుంటారు?

చేయండి:
మీ ఫోనులో ఏ యాప్‌లకు లొకేషన్ ఇచ్చారో చూడండి. వాటి పేర్లు పలక మీద రాయండి. అక్కర్లేనివి ఆపేయండి.