భిలాయి పెరట్లో దసరా నుంచి దీపావళి దాకా

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి భిలాయిలో స్థిరపడ్డ ఇళ్లల్లో పెరటి పనులు ఇప్పటికీ ఊరి లెక్కనే సాగుతుంటాయి. కరివేపాకు, మల్లె, ములగ ఊరి నుంచి వచ్చాయి, వాటితో పాటు అలవాటూ వచ్చింది. కానీ అక్కడి అక్టోబరు, ఇక్కడి అక్టోబరు ఒకటి కావు. కోస్తాలో అది తుఫాన్ల నెల. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11న. దుర్గ్ జిల్లాలో మాత్రం ఇంచుమించు ఆ రోజులకే వానలు వెనక్కి తగ్గుతాయి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చలి 10 డిగ్రీల దాకా, ఒక్కోసారి అంతకన్నా కిందికీ దిగుతుంది. కాబట్టి ఊరి తేదీలు పక్కన పెట్టి, దీపావళి లోపల ముఖ్యమైన పనులు కానిచ్చేయండి.

ముందు నేల సంగతి. క్వార్టర్ల దొడ్లలో చాలాచోట్ల ఎర్ర మొరం. ఇక్కడి రైతులు భాటా అనే ఈ నేలలో నీరూ నిలవదు, ఎరువూ నిలవదు. దగ్గరి పల్లెల్లో కన్హార్ అనే నల్లమట్టి దొరికితే మడికి రెండు తట్టలు కలపండి. బాగా చివికిన గత్తం చదరపు మీటరుకు 2–3 కిలోలు వేయండి. పచ్చిపేడ వేస్తే చెదలను పిలిచినట్టే. స్లాగు పొడి మొక్కకు బలమని కుండీల్లో కలిపేవాళ్లూ ఉన్నారు. దానిది సున్నపు గుణం. పుల్లనేలల్లో మోతాదు చూసి వాడేదే గానీ, మట్టి పరీక్ష లేకుండా వేస్తే మొక్కకు ఇనుము అందదు. లేతాకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము పండే ఊళ్లో మొక్కకు ఇనుము కరువు రావడం మరీ విడ్డూరం.

కాలీఫ్లవర్, క్యాబేజీ, టమాటా నారు 25–30 రోజుల వయసులో నాటాలి. కాడ గట్టిపడ్డ ముదురు నారు ఎంత చవకైనా వద్దు. సుపేలా ఆదివారం బజారులో కొన్నా, నర్సరీలో కొన్నా రకం అడిగి తెలుసుకోండి. తొందరగా పూసే కాలీఫ్లవర్ రకాన్ని నవంబరులో నాటితే మొక్క ఎదగకముందే బొత్తాం అంత పువ్వు వేసి ఊరుకుంటుంది. మడి అంచున రెండు వరుసలు ఆవాలు ముందుగానే చల్లితే పురుగు చాలావరకు అటు పోతుంది. ధనియాలు బద్దలుగా నలిపి చల్లండి. ముల్లంగి, క్యారెట్ నేరుగా విత్తాల్సినవే. బఠాణీకి అక్టోబరు రెండో సగం అదను. మెంతి, పాలకూర, ఎర్ర తోటకూర పది పదిహేను రోజుల ఎడంతో కొంచెం కొంచెంగా వేస్తే సంక్రాంతి దాకా కూరకు లోటుండదు.

గులాబీ కత్తిరింపు అక్టోబరు నడిమికి అయిపోవాలి. ఎండిన, సన్నటి, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, మిగతావాటిని సగం దాకా తగ్గించండి. బయటి వైపు చూసే మొగ్గకు కొంచెం పైన ఏటవాలుగా కోయాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయడం మరవద్దు. ఆరేడు వారాల్లో పూలు.

ఈ కాలంలో ఎక్కువమంది అడిగేది చేమంతి గురించి: మొక్క ఏపుగా ఉంది, ఎరువూ వేశాం, మొగ్గ లేదేం? కుండీ ఎక్కడ పెట్టారో ఓసారి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి చూడండి. చేమంతి రాత్రి పొడవును లెక్కపెట్టుకుని మొగ్గ వేసే మొక్క. చీకటి ఎడతెగకుండా పెరుగుతుంటేనే దానికి పూతకాలం వచ్చినట్టు తెలుస్తుంది. టౌన్‌షిప్ ఇళ్ల ముందు వీధి దీపమో, రాత్రంతా వెలిగే వరండా బల్బో ఉంటుంది. ఆ వెలుగు పడే మొక్కకు ఇంకా ఎండాకాలమే. కుండీని ఇంటి వెనక చీకటి పక్కకు మార్చండి, పగలు ఎండ తగిలితే చాలు. వీధి వైపు కొమ్మలు పచ్చగా ఉండి, గోడ వైపువి ముందు మొగ్గ తొడిగితే మందుల షాపుకు వెళ్లక్కర్లేదు, కారణం అదే. క్రిస్మస్ ఎర్రాకు మొక్క పాయిన్‌సెట్టియాదీ ఇదే గుణం.

ఊరి మొక్కలకే ఇక్కడ చలి బాధ. కరివేపాకు చలికి ఎదుగుదల ఆపేస్తుంది. దానికి అక్టోబరులోనే ఆఖరి ఎరువు, ఆ తర్వాత కత్తిరింపు వద్దు, నీళ్లు తగ్గించండి. ఆకు రాలిందని కంగారుపడి నీళ్లు గుమ్మరిస్తేనే వేరు కుళ్లేది. మల్లెకు నీళ్లు తగ్గించి, నవంబరు ఆఖరులో మోకాలెత్తుకు కోస్తే వేసవి పూత బాగుంటుంది. తులసి వెన్నులు తుంచేసి, కుండీని రాత్రి మంచు పడని చోట పెట్టండి. అడెనియంకు దాదాపు నీళ్లే వద్దు. మిగతా అన్నిటికీ నీళ్లు ఉదయమే. ఆ పూటే ఆకుల మీది దుమ్మూ కడిగేయండి. మబ్బు పట్టిన రోజుల్లో పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున పిచికారీ చేయండి.

కాపుకొచ్చిన మామిడికి ఇప్పటి నుంచి పూత వచ్చేదాకా నీళ్లు ఆపాలి. పోయిన ఏడాది పిండినల్లి పట్టిన చెట్టయితే డిసెంబరులో మొదలు చుట్టూ, నేలకు అడుగు ఎత్తున, జానెడు వెడల్పు మందపాటి పాలిథిన్ పట్టీ కట్టండి. పట్టీ వెనక బెరడు పగుళ్లను ముందు మట్టితో పూడ్చి, కింది అంచున గ్రీజు రాయండి. పిల్ల పురుగులు నేలలోంచే పైకి పాకుతాయి, కొమ్మలకు చేరాక మందు కొట్టినా పెద్ద ప్రయోజనం ఉండదు.