నల్ల కిటికీలోంచి నాలుగు లైన్లు

కాపీ కొట్టడం మన కాలేజీలో ఎవరికీ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. కానీ కమాండ్ ప్రాంప్ట్‌లో వచ్చిన ఎర్రర్‌ని కాపీ చెయ్యమంటే మాత్రం చాలామంది ఫోన్ తీసి, స్క్రీన్‌కి ఫొటో కొట్టి గ్రూపులో పడేస్తారు. సాయం చేద్దామనుకున్నవాళ్లు కళ్లు చిట్లించుకుని అదంతా మళ్లీ టైప్ చేసుకోవాలి. ఫొటోలో కోలన్‌కీ సెమీకోలన్‌కీ తేడా తెలీదు. అదే అక్షరాల రూపంలో పంపితే, వెంటనే నెట్‌లో వెతికి జవాబు చెప్పొచ్చు.

అసలు చిక్కంతా కంట్రోల్ సీ దగ్గరుంది. మిగతా అన్నిచోట్లా దానికి కాపీ అని అర్థం. టెర్మినల్‌లో మాత్రం "నడుస్తున్న ప్రోగ్రాం ఆపెయ్" అని. విండోస్ 10 నుంచి కమాండ్ ప్రాంప్ట్‌లో రెండూ కుదిరాయి: ఏదైనా సెలెక్ట్ చేసి ఉంటే కాపీ అవుతుంది, లేకపోతే ప్రోగ్రాం ఆగుతుంది. ఒకసారి నొక్కగానే సెలెక్షన్ పోతుంది. కాపీ అయ్యిందో లేదోనని రెండోసారి నొక్కారో, గంట నుంచి నడుస్తున్న ప్రోగ్రాం గోవిందా! అందుకే సెలెక్ట్ చేశాక ఎంటర్ నొక్కడం మేలు. అదీ కాపీయే చేస్తుంది. లినక్స్‌లో అయితే ఎక్కువ టెర్మినళ్లలో కంట్రోల్ షిఫ్ట్ సీ. మ్యాక్‌లో కాపీకి కమాండ్ సీ కాబట్టి ఈ గొడవే లేదు.

ఇంకో మాట. కమాండ్ ప్రాంప్ట్‌లో మౌస్ తగిలి ఏదైనా సెలెక్ట్ అయితే, ప్రోగ్రాం బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి కిటికీ మూసెయ్యకండి. ఎస్కేప్ నొక్కితే మళ్లీ కదులుతుంది.

అవుట్‌పుట్ పొడుగ్గా ఉంటే మౌస్‌తో తంటాలెందుకు? విండోస్‌లో కమాండ్ చివర నిలువు గీత (|) పెట్టి క్లిప్ అని రాస్తే, అవుట్‌పుట్ తెరమీదకి రాకుండా నేరుగా క్లిప్‌బోర్డుకి వెళ్తుంది. అయితే చాలా కంపైలర్ల ఎర్రర్లు మామూలు అవుట్‌పుట్ దారిలో రావు, వాటి దారి వేరు. కాబట్టి నిలువు గీతకి ముందు 2>&1 అని చేర్చాలి. అప్పుడు రెండు దారులూ కలుస్తాయి.

మన క్లబ్బువాళ్లకి అసలు ఉపయోగపడేది ఇది. తెలుగు పేర్లున్న ఫైళ్ల జాబితా తీస్తే పాత కిటికీలో డబ్బాలు కనిపిస్తాయి. బెంగపడొద్దు, అక్షరాలు లోపల భద్రంగానే ఉంటాయి. మౌస్‌తో సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే తెలుగు తెలుగులాగే వస్తుంది. అదే జాబితాని క్లిప్‌కి పంపితే మాత్రం మామూలు సెట్టింగుల్లో ప్రశ్నార్థకాలు వస్తాయి. దారిలో ఉన్న కోడ్ పేజీలో తెలుగుకి చోటు లేకపోవడమే కారణం. డబ్బాలంటే ఫాంట్ లేదని, ప్రశ్నార్థకాలంటే అక్షరమే పోయిందని గుర్తుపెట్టుకోండి.

ల్యాబ్ రికార్డు కోసం వర్డ్‌లో పేస్ట్ చేస్తే కన్సోలస్ లాంటి సమవెడల్పు ఫాంట్ పెట్టండి. లేకపోతే తప్పు ఎక్కడుందో చూపించే గుర్తు పక్క అక్షరం కిందకి జరిగిపోతుంది.

చివరగా, గ్రూపులో పెట్టేముందు పైనుంచి కిందదాకా ఒక్కసారి చదవండి. అందులో మీ పాస్‌వర్డ్ ఉంటే, అది కూడా అక్షరం పొల్లుపోకుండా కాపీ అయ్యే ఉంటుంది.