చెల్లెలి వాటా పొలంలోనూ ఉంది

సోదరులారా! ఇల్లు, నగలు పంచేటప్పుడు గుర్తొచ్చే ఆడపిల్ల పొలం దగ్గరికొచ్చేసరికి గుర్తురాదు. "పెళ్ళిలో ఇచ్చేశాంగా" అంటారు. జహేజ్ వారసత్వం కాదు.

ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా స్త్రీకి వాటా విధి అని దివ్య ఖుర్ఆన్ (నిసా: 7) నిర్ణయించింది. కొడుకుకు రెండు భాగాలైతే కూతురికి ఒకటి (నిసా: 11). ఇందులో పొలానికి మినహాయింపు లేదు. ఆ మినహాయింపు పెట్టింది 1937 నాటి షరీఅత్ చట్టం. సాగుభూమి అప్పట్లో రాష్ట్రాల పరిధిలోనిది. 1949లో మద్రాసు రాష్ట్రం సవరణ తెచ్చి సాగుభూమినీ చేర్చింది. మన పల్నాడు అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. అంటే చట్టం అడ్డు తొలగి డెబ్బై ఏళ్ళు దాటింది, మన ఇళ్ళలో అడ్డు తొలగలేదు. భర్త పోయిన చెల్లెలు మందులకు కూడా అన్న ముఖం చూడాలి!

"తనే మాఫ్ చేసింది" అంటారా? వాటా చేతికివ్వకుండా, అన్నదమ్ముల మధ్య కూర్చోబెట్టి చేయించుకున్న సంతకం ఇష్టపూర్వకమెలా అవుతుంది? ముందు పాసుపుస్తకంలో ఆమె పేరు ఎక్కించండి. తర్వాత ఆమె ఇష్టపడి ఇస్తే తీసుకోండి.