ముందు వేళ్లు, ఆ తర్వాతే పానా

పైపు జాయింటు దగ్గర డీజిల్ చెమ్మ కనిపించగానే చాలామంది చేసే మొదటి పని పానా అందుకోవడం. ‘ఇంకో అరచుట్టు బిగిస్తే అదే ఆగుతుందిలే’ అనుకోవడం. ఒక్కోసారి ఆగుతుంది కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నాలుగు రోజులకు అదే చోట మళ్లీ తడి. మళ్లీ బిగింపు. చివరికి బోల్టు ఎంత తిప్పినా పట్టు దొరకదు. మర పోయింది! ఒక్క వాషర్‌తో తీరాల్సిన పని ఫిల్టర్ హెడ్ మార్చేదాకా వచ్చింది.

బలం తప్పు కాదు. కానీ అది చివర్లో రావాలి. ఇంధన పైపులు బిగించడంలో ఉన్న ఈ క్రమశిక్షణ ఏ పనిలో ఉన్నవారికైనా పనికొస్తుంది.

1. మొదటి చుట్లు వేళ్లతోనే

నట్టు, మర రెండూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. పైపును తిన్నగా కూర్చోబెట్టండి. నట్టును ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట ‘టిక్’మని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. మర మొదలు అదే. అక్కడి నుంచి ముందుకు తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కాలి. పట్టేస్తే ఆగండి, విప్పండి, చూడండి. మర అడ్డంగా ఎక్కుతోందన్నమాట. అల్యూమినియం బాడీలోకి ఉక్కు బోల్టు ఎక్కిస్తున్నప్పుడైతే మరీ జాగ్రత్త. ఈ పోరులో ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే.

షెడ్డులో కొత్త కుర్రాడు నేరుగా పానా పెట్టబోతే మేస్త్రి అనేది ఒకటే మాట: “ఒరేయ్, పానా కింద పెట్టు. వేలితో ఎక్కనిది పానాతో ఎక్కదు, పాడవుతుంది.”

కొత్త ఉద్యోగంలో మొదటి వారం, కొత్త భాగస్వామితో మొదటి లావాదేవీ... ఆదిలోనే ఎక్కడో పట్టేస్తున్నట్టు అనిపిస్తే నెట్టుకుపోకండి. వెనక్కి వచ్చి మొదలుపెట్టడానికి ఖర్చు తక్కువయ్యే సమయం అదే.

2. ‘అలాగే ఉంది కదా’ అనకండి

1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే పొరుగు నగరాల నుంచి ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. తీరా చూస్తే చాలా గొట్టాల కప్లింగులు అక్కడి హైడ్రెంట్లకు సరిపడలేదు. ఊరికో కొలత మరి!

అక్కడైతే సరిపడదని వెంటనే తెలిసింది. మన చేతిలోని ఫిటింగు ఇంకా మోసగిస్తుంది. పైపు కొస గరాటులా విచ్చుకుని ఉండే ఫ్లేర్ ఫిటింగుల్లో ఒక రకానికి కోన్ వాలు 37 డిగ్రీలు, మరో రకానికి 45 డిగ్రీలు. పావు అంగుళం పైపు సైజులో రెండింటికీ మర ఒకటే. నట్టు వేలితో చక్కగా ఎక్కేస్తుంది. లోపల కోన్లు మాత్రం సరిగ్గా అతుక్కోవు. కాబట్టి కంటిని నమ్ముకోకుండా పిచ్ గేజు, యాంగిల్ గేజు పెట్టి చూడండి. ఊహకూ కొలతకూ మధ్య తేడా రెండు నిమిషాలే.

3. అసలు లీకును ఆపుతున్నది ఏది?

ఫ్లేర్ ఫిటింగులో లీకును ఆపేది కోన్ ముఖం. బ్యాంజో బోల్టులో, అంటే లోపలి రంధ్రం గుండా ఇంధనం పారే బోల్టులో, అటూ ఇటూ ఉండే వాషర్లు. ఓ-రింగ్ ఉన్నచోట ఆ రబ్బరు రింగు. వీటన్నిటిలో మర పని నొక్కి పట్టడమే. మరే స్వయంగా లీకును ఆపేది ఏటవాలు మర ఉన్న ఫిటింగుల్లో. వాటికైతే ఇంధనానికి తట్టుకునే సీలెంట్ కావాలి. ఇది తెలియక ఫ్లేర్ నట్టుకు టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు. లీకు ఆగదు సరికదా, తెగిన టేపు ముక్క ఇంజెక్టరు దాకా పోయి అడ్డం పడొచ్చు. ఒకసారి నలిగిన రాగి వాషర్ గట్టిపడుతుంది. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయడమే మేలు.

పాఠం అర్థం కానందుకు మార్కులు తగ్గితే, చదివే గంటలు పెంచే విద్యార్థి చేసేది కూడా టేపు చుట్టడమే.

4. ఒక చేత్తో తిప్పండి, ఇంకో చేత్తో పట్టుకోండి

ఒకే పానాతో తిప్పితే నట్టుతో పాటు ఫిటింగు కూడా తిరిగి పైపు మెలిపడుతుంది. రెండో పానాతో ఎదురు పట్టు పట్టండి. నట్టు పలకలు అరగకుండా పైపు మీదుగా దూర్చేలా గాటు ఉన్న రింగు పానా వాడండి. చివరి బిగింపుకు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ చూసి అక్కడ ఆపండి. ‘ఎందుకైనా మంచిదని ఇంకొంచెం’ అన్నదే మరలను తినేసేది.

5. కారని లీకును పట్టుకోండి

సాయంత్రం బాగా నడిచిన ట్రాక్టరు పొద్దున్నే స్టార్టయి, రెండు నిమిషాల్లో గుడగుడలాడి ఆగిపోతుంది. కింద చుక్క డీజిల్ ఉండదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో పంపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోతుంది. దాన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. ఎయిర్ తీస్తే బండి ఆ పూటకు కదులుతుంది. జాయింటు సరిచేసేదాకా రోగం మాత్రం పోదు. గొడవలేమీ బయటపడటం లేదు కాబట్టి టీములో అంతా బాగుందనుకునే మేనేజరు ఈ ట్రాక్టరును ఒకసారి చూడాలి.

6. పౌరుషానికి పోకండి

కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఒత్తిడి 1600 బార్లు దాటొచ్చు. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. లీకు ఎక్కడుందోనని వేలు పెట్టి తడమకండి. ఇంజిన్ నడుస్తుండగా ఏ నట్టూ వదులు చేయకండి. పెట్రోలు బండిలోనైనా ముందు లైన్లో ఒత్తిడి తగ్గించి, బ్యాటరీ నెగెటివ్ తీసి, ఇంజిన్ చల్లారాకే చేయి పెట్టండి. మీకు తెలియని పనైతే తెలిసినవాడికి అప్పగించండి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే.

ఇక ఈ వారానికి మీ అభ్యాసం. ఎంత బిగించినా మళ్లీ మళ్లీ కారుతున్న సంగతి మీ జీవితంలో ఒకటి ఉండే ఉంటుంది. పిల్లాడి చదువు కావచ్చు, నెల తిరక్కుండానే తప్పే ఖర్చుల లెక్క కావచ్చు. ఈసారి ఇంకో చుట్టు బిగించకండి. పూర్తిగా విప్పండి, తుడవండి, మార్చాల్సింది ఏదో చూడండి, వేళ్లతో మొదలుపెట్టండి. పానా ఎక్కడికీ పోదు.