నల్లేరు – గంగవాయిలి

భివండి పట్టణం మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో ఉన్నది. మరమగ్గాలకు పేరు పొందిన ఊరు. తెలంగాణ జిల్లాల నుండి బతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడ స్థిరపడ్డారు. పద్మానగర్ వంటి పేటలలో ఇంటి నానుకొని ఇల్లు ఉంటుంది. పెరటికి చోటు దొరకదు. అయినా గడప పక్కన, కిటికీ ఊచల దగ్గర, డాబా మీద నాలుగు కుండీలకు చోటు దొరుకుతుంది. పాత నూనె డబ్బా అయినా చాలు. ఇటువంటి చోటికి కాడలలో, ఆకులలో నీరు దాచుకొని పాకే మొక్కలు బాగా తగినవి.

వాటిలో నల్లేరు ఒకటి. ఇది ద్రాక్ష కుటుంబానికి చెందిన తీగ. కాడ నాలుగు పలకలుగా, కణుపు కణుపుకు నొక్కినట్లు ఉంటుంది. ‘నల్లేరు మీద బండి నడక’ అని సామెత. బండిచక్రం కింద దాని మెత్తని కాడ ఇట్టే నలిగిపోతుంది కాబట్టి సులువైన పనిని అలా అంటారు. సామెత వాడేవారిలో తీగను చూసినవారు ఇప్పుడు తక్కువే! పగటి ఎండలో ఈ కాడ మీది సన్నని రంధ్రాలు మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకొంటాయి. అందువల్ల లోపలి నీరు త్వరగా ఆవిరి కాదు. ఊరి నుండి సంచిలో వేసి తెచ్చిన ముక్క వారం తరువాత నాటినా బతుకుతుంది.

రెండు మూడు కణుపులున్న ముక్కను కోసి, మూడు నాలుగు రోజులు నీడలో ఆరనివ్వాలి. కోసినచోటు ఎండకముందే నాటితే కుళ్లుతుంది. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. దానిపై పెంకుముక్కలు పరచి, ఎర్రమట్టిలో సగం ఇసుక కలిపి నింపాలి. వేసవిలో వారానికి ఒకసారి నీరు పోస్తే చాలు.

అసలు కష్టం వానాకాలంలో వస్తుంది. నల్లగొండ ప్రాంతంలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఠాణే జిల్లాలో 2000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. ఊళ్లో కంచె మీద దానంతట అదే పెరిగిన తీగ ఇక్కడ కుండీలో కుళ్లిపోవటానికి కారణం ఇదే. కాడ వాలింది కదా అని మరిన్ని నీళ్లు పోసేవారున్నారు. కాడ ముడతలు పడితే దాహం. మెత్తబడి రంగు మారితే కుళ్లు. కుళ్లును గుర్తించిన వెంటనే పైభాగాన్ని కోసి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటుకోవాలి. వాన రోజులలో కుండీని చూరు కిందికి జరపాలి.

నల్లేరును పచ్చిగా కొరికితే నోరు దురద పెడుతుంది. చేతులకు నూనె రాసుకొని, లేత కణుపుల నార తీసి, నూనెలో వేయించి, చింతపండుతో పచ్చడి నూరుతారు.

గంగవాయిలి నేలబారుగా పాకుతుంది. మరాఠీలో దీనిని ఘోళ్ అంటారు. భివండి కూరల బజారులో ఆ పేరుతో అడగాలి. కొన్న కట్టలో గట్టి కాడలు నాలుగు తీసి గుచ్చితే వేళ్లు పోస్తాయి. నల్లేరు కొంత నీడను ఓర్చుకొంటుంది, దీనికి మాత్రం ఎండ కావాలి. పసుపుపచ్చని చిన్నపూలు కూడా ఎండకే విచ్చుకొంటాయి. మట్టి పైపొర ఆరినప్పుడు నీరు పోయాలి. చివళ్లు తుంచినకొద్దీ పక్కకొమ్మలు వస్తాయి. తుంచిన చివళ్లు మామిడికాయతో కలిపి పప్పులో వేస్తారు. కొన్నింటిని పూతకు వదిలితే, ఇసుక రేణువులంతటి నల్లని గింజలు రాలి అదే కుండీలో మళ్లీ మొలుస్తాయి.