పాత కంప్యూటరుకు వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టుకోవడం ఎలా?



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు జూనియర్లకు పనికివచ్చే వ్యాసం ఒకటి కావాలని అడిగినప్పుడు, ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పి.జి. చేస్తున్న మేము నలుగురం కూర్చుని ఆలోచించాము. మా నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ గడప తొక్కినవారు మేమే మొదటివారం. ఏదైనా చెడిపోతే, ఏదైనా అర్థం కాకపోతే ఇంట్లో అడగడానికి మనిషి లేడు. ఇది చదివే మీలో చాలామంది పరిస్థితి కూడా అంతే. అందుకే మేము చేత్తో చేసి నేర్చుకున్న పనినే ఇక్కడ పాఠంగా వ్రాస్తున్నాము.

ఈనాడు స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్‌టికెట్, ఫలితాలు, కౌన్సెలింగ్‌లో కాలేజీల ఎంపిక అన్నీ ఇంటర్నెట్‌లోనే. ఊరినుండి టౌనుకు బస్సెక్కి నెట్ సెంటర్‌లో వరుసలో నిలబడితే ఒక పూట పోతుంది, చార్జీలు పోతాయి. ఆఖరు తేదీ నాడు సర్వర్ మొరాయిస్తే సంవత్సరమే పోవచ్చు. మరోవైపు చాలా ఇళ్లలో ఎవరో ఇచ్చినదో, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదో ఒక పాత కంప్యూటర్ దుమ్ము కొట్టుకుని పడి ఉంటుంది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా ఆ తీగ పల్లెలకు వచ్చింది. ఇంట్లోనో, పక్కింట్లోనో వై-ఫై ఉంటుంది, మూలన కంప్యూటరూ ఉంటుంది. రెండింటినీ కలిపే చిన్న ముక్క మాత్రం ఉండదు. ఆ ముక్క పేరే వైర్‌లెస్ అడాప్టర్.

అడాప్టర్ అంటే ఏమిటి?

రేడియో తరంగాలను పంపి, అందుకునే చిన్న యంత్రం ఇది. రౌటర్ పంపిన తరంగాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే సున్నాలు, ఒకట్లుగా మారుస్తుంది. మన ఇళ్లలోని వై-ఫై ఎక్కువగా 2400 నుండి 2483.5 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తుంది. ఈ తరంగాలను నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. మనం ఎవరి అనుమతీ అడగకుండా ఇంట్లో రౌటర్ పెట్టుకోగలగడం ఆ నిర్ణయం ఫలితమే.

వై-ఫై ప్రమాణాలకు 802.11 అని పేరు. 1999లో వచ్చిన బి రకం సెకనుకు 11 మెగాబిట్లు, 2003లో వచ్చిన జి రకం 54 మెగాబిట్లు. 2009లో ఎన్ రకం వచ్చింది. చిన్న అడాప్టర్ల మీద కనిపించే 150 అనే అంకె ఈ రకానిదే. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి 54 మెగాబిట్లంటే దాదాపు ఏడు మెగాబైట్లే. అది కూడా కాగితం మీది లెక్క. ఆచరణలో సగం వస్తే మంచిదే. దరఖాస్తు నింపడానికి అది ధారాళంగా సరిపోతుంది.

ఇదేదో పట్నంవాళ్ల విద్య అనుకోవద్దు. పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారి 'అశ్విని' పథకంలో ఇదే 802.11 పరికరాలకు ఎత్తయిన టవర్లు, దిశ చూపే యాంటెన్నాలు జోడించి, ఊరినుండి ఊరికి లంకె వేసి చదువు, వైద్య సేవలు అందించారు. ఇంట్లో వాడే వస్తువుతోనే ఊళ్లను కలిపారు.

కొనేముందు చూసుకోవలసినవి

మా జూనియర్ ఒకరిది బేతంచెర్ల దగ్గర పల్లె. అతని చెల్లెలికి కౌన్సెలింగ్ తేదీలు దగ్గరపడ్డాయి. ఇంట్లో పెంటియం డ్యూయల్ కోర్ కంప్యూటర్, ఒక జి.బి. ర్యామ్, విండోస్ ఎక్స్‌పి. టౌనులో ఒక షాపులో చూపిస్తే "ఇది పనికిరాదు, కొత్తది తీసుకోండి" అన్నారు. వాళ్లమ్మ "ఆ డబ్బాకు ఇంకా దుడ్లు పెట్టాల్నా నాయనా?" అని అడిగింది. ఆమె నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. నాలుగైదు వందల అడాప్టర్ అంటే ఆమెకు ఒక రోజు కష్టం. కాబట్టి ఊరికే కొని చూడడం కుదరదు. కొంటే పనిచేయాలి. అందుకే ముందు ఈ నాలుగూ చూశాము.

1. యు.ఎస్.బి. రకం: 1.1 రకమైతే సెకనుకు 12 మెగాబిట్లు మించదు. ఎంత మంచి అడాప్టర్ పెట్టినా అంతే. 2000లో వచ్చిన 2.0 రకమైతే 480 మెగాబిట్లు. 1.1 రకం ఉన్నా నిరాశ వద్దు, ఐదు మెగాబైట్ల ఫైలు కొన్ని సెకన్లలో దిగుతుంది.

2. లోపలి స్లాట్లు: మదర్‌బోర్డు మీద తెల్లటి పి.సి.ఐ. స్లాటు ఖాళీగా ఉంటే పాత పి.సి.ఐ. వై-ఫై కార్డు కూడా పెట్టవచ్చు. కార్డు పెట్టేటప్పుడు ప్లగ్ తీసివేసి, ఇనుప పెట్టెను చేత్తో ఒకసారి తాకి, ఆ తరువాతే లోపల చేయి పెట్టండి.

3. ఆపరేటింగ్ సిస్టం: అది ఏది, 32 బిట్లదా, 64 బిట్లదా అన్నది చూసుకోవాలి. డ్రైవర్ దాన్నిబట్టే దొరుకుతుంది.

4. రౌటర్: అది 5 గిగాహెర్ట్‌జ్‌లో మాత్రమే పనిచేసేలా పెట్టి ఉంటే పాత రకం అడాప్టర్‌కు కనిపించదు. 2.4 గిగాహెర్ట్‌జ్ కూడా తెరిచి ఉండాలి.

చిప్ పేరే అసలు పేరు

అట్టపెట్టె మీద కంపెనీ పేరు చూసి కొనడం కంటే లోపలి చిప్ ఏదో తెలుసుకోవడం ముఖ్యం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరు మీద కొన్నాళ్లకు వేరే చిప్ పెట్టి అమ్ముతుంది. పెట్టె మీద 'వెర్షన్ 1', 'వెర్షన్ 2' అని ఉండేది అందుకే. రియల్‌టెక్ 8188 అనే చిప్‌లలో కూడా పక్కనున్న అక్షరాలు మారితే డ్రైవర్ మారిపోతుంది.

చిప్‌ను గుర్తించడానికి ఒక దారి ఉంది. ప్రతి యు.ఎస్.బి. వస్తువుకూ రెండు సంఖ్యలు ఉంటాయి, తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య. ఇవి పదహారు గుణిజ పద్ధతిలో వ్రాసినవి కాబట్టి మధ్యలో అక్షరాలు వస్తాయి. రియల్‌టెక్ వారిది 0బిడిఎ, రాలింక్ వారిది 148ఎఫ్, ఎథెరాస్ వారిది 0సిఎఫ్3. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, పసుపు గుర్తు ఉన్న వస్తువు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే హార్డ్‌వేర్ ఐడి కింద ఇవి కనబడతాయి. ఆ రెండు సంఖ్యలూ కాగితం మీద వ్రాసుకుని కాలేజీ ల్యాబ్‌లో వెతికితే డ్రైవర్ దొరుకుతుంది. ఎథెరాస్ 9271, రాలింక్ 5370 చిప్‌లు పాత విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాయి. షాపులో ఈ చిప్ ఉన్నది కావాలని అడగండి, పనిచేయకపోతే వాపసు తీసుకుంటారా అని ముందే మాట్లాడుకోండి.

డ్రైవర్ దగ్గర వచ్చే చిక్కులు

ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి! పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్లు ఉంటుంది. విరుగుడు పెన్‌డ్రైవ్. ల్యాబ్‌లోనో, ఫోన్‌లోనో డ్రైవర్ దింపుకుని తెచ్చుకోవాలి. కొన్ని అడాప్టర్లు గుచ్చగానే సి.డి. డ్రైవ్‌లాగా కనబడతాయి. అందులోనే డ్రైవర్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేశాక ఆ సి.డి.ని 'ఎజెక్ట్' చేస్తే అసలు అడాప్టర్ బయటికి వస్తుంది.

డ్రైవర్ పడినా నెట్ రాకపోతే ఈ వరుసలో చూడండి.

ఒకటి, పాస్‌వర్డు సరిగా కొట్టినా ఎక్స్‌పి ఒప్పుకోకపోవచ్చు. డబ్ల్యు.పి.ఎ.2 రక్షణ 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3లో ఉంది, అది ఉందో లేదో చూడండి. రౌటర్‌లో డబ్ల్యు.పి.ఎ.3 మాత్రమే పెట్టి ఉంటే, 2, 3 కలిసిన పద్ధతికి మార్చాలి. పాత కంప్యూటర్ కోసం వెప్ అనే పాత రక్షణకు మాత్రం దిగవద్దు. అది 2001లోనే బద్దలైంది.

రెండు, రౌటర్ 12 లేక 13వ చానల్‌లో ఉంటే కొన్ని పాత అడాప్టర్లకు అది కనిపించదు. 1, 6, 11లలో ఏదో ఒకదానికి మార్చండి.

మూడు, సిగ్నల్ నిండుగా ఉన్నా వెబ్‌సైట్లు 'సర్టిఫికెట్ తప్పు' అంటున్నాయా? గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు నేటి వెబ్‌సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టనిదిగా కంప్యూటర్‌కు కనబడుతుంది. సి.ఆర్.2032 అనే బ్యాటరీ గడియారాల షాపులో దొరుకుతుంది. జూనియర్ ఇంట్లో కూడా అడాప్టర్ పనిచేసింది కానీ ఈ బ్యాటరీ మార్చేదాకా ఒక్క ప్రభుత్వ వెబ్‌సైటూ తెరుచుకోలేదు.

విండోసా, లినక్సా?

ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ సహాయం 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. ఎక్స్‌పిలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ నేటి రక్షణ పద్ధతులను మాట్లాడలేదు కాబట్టి చాలా వెబ్‌సైట్లు అందులో తెరుచుకోవు. అలాంటి కంప్యూటర్‌లో ఆధార్, బ్యాంకు వివరాలు కొట్టడం తలుపు తీసి నిద్రపోవడమే.

దీనికి ఉచిత మార్గం లినక్స్. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12కు 32 బిట్ల ఎడిషన్ ఉంది. చాలా వై-ఫై చిప్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్ కూడా ఇన్‌స్టాల్ చేసే డిస్క్‌లోనే ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13ను 32 బిట్ల యంత్రాల్లో ఇన్‌స్టాల్ చేయలేము, అది 64 బిట్లవాటికే. ముందు పెన్‌డ్రైవ్ నుండి 'లైవ్' పద్ధతిలో నడిపి వై-ఫై పట్టుకుంటుందో లేదో చూడండి. పట్టుకుంటేనే హార్డ్‌డిస్క్‌లో వేయండి. పాత ఫైళ్లు, ఫోటోలు ముందుగా వేరేచోట దాచుకోవాలి. పెన్‌డ్రైవ్ నుండి లేవని పాత యంత్రమైతే డి.వి.డి. వాడాలి. ర్యామ్ ఒక జి.బి. ఉంటే తేలికైన ఎల్.ఎక్స్.డి.ఇ. డెస్క్‌టాప్ పెట్టుకుని, బ్రౌజర్‌లో ఒక్క పేజీ మాత్రమే తెరవండి. మేము సెకండ్‌హ్యాండ్‌లో ఇంకొక జి.బి. ర్యామ్ వేశాక పని సుళువైంది.

మన ఇళ్లు, మన గోడలు

పుస్తకాల్లో ఉండని సంగతి ఒకటి చెప్పాలి. మన కర్నూలు, కడప ప్రాంతంలో ఇళ్లు రాతివి. గోడ రెండడుగుల మందం, నేల కడప బండ లేక బేతంచెర్ల బండ, పైన మట్టి మిద్దె. ఎండకు ఇవి చల్లగా ఉంటాయి గాని వై-ఫైకి పెద్ద అడ్డు. ఖాళీ మైదానంలోనే దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. మధ్యలో రాతి గోడ వస్తే ఇంకా తగ్గుతుంది. రేకుల షెడ్డు అయితే ఇనుము తరంగాన్ని వెనక్కి కొడుతుంది. నీళ్ల తొట్టి, నీళ్ల డ్రమ్ములు తరంగాన్ని తాగేస్తాయి.

కనుక రౌటర్‌ను బీరువాలో, గూట్లో దాచక వాకిలికి ఎదురుగా ఎత్తున పెట్టండి. అడాప్టర్‌ను సి.పి.యు. వెనక గుచ్చితే ఇనుప పెట్టె చాటున పడుతుంది. ఒకటి రెండు మీటర్ల యు.ఎస్.బి. ఎక్స్‌టెన్షన్ తీగతో దాన్ని కిటికీ దగ్గరకు తీసుకురండి. తీగ మొత్తం ఐదు మీటర్లు దాటకూడదు. మేము చూసిన ఇంట్లో ఈ తీగే ఒక గీతగా ఉన్న సిగ్నల్‌ను మూడు గీతలు చేసింది.

అడాప్టర్ కొనలేకపోతే?

చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అదే అడాప్టర్. ఫోన్‌ను వై-ఫైకి కలిపి, చార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు గుచ్చి, సెట్టింగ్స్‌లో 'యు.ఎస్.బి. టెథరింగ్' నొక్కండి. చాలా ఫోన్లలో అదే వై-ఫై తీగ మీదుగా కంప్యూటర్‌కు వస్తుంది. విండోస్ 7, లినక్స్‌లలో సాధారణంగా వేరే డ్రైవర్ కూడా అక్కర్లేదు. అడాప్టర్‌కు డ్రైవర్ దింపుకోవడానికి కూడా ఇదే ఉపాయం. పక్కింటివాళ్ల వై-ఫై అయితే మాత్రం వాళ్లను అడిగి వాడుకోండి. చాటుగా వాడడం మన చదువుకు తగదు.

చివరిగా ఒక మాట

ఆ చెల్లెలు కౌన్సెలింగ్‌లో కాలేజీల వరుసను ఇంట్లోనే, అమ్మ పక్కన కూర్చుని, రెండు రోజులు ఆలోచించి పెట్టుకుంది. నెట్ సెంటర్‌లో వెనకవాళ్లు తొందరపెడుతుంటే పెట్టే వరుసకూ, దీనికీ ఎంత తేడా! జీవితాన్ని మలుపు తిప్పే ఎంపికను నిదానంగా చేసుకునే హక్కు ఉన్నవాళ్లకే కాదు, మనకూ ఉండాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! హాస్టల్ నోటీసు బోర్డు పక్కన ఒక పుస్తకం పెట్టండి. ఎవరింట్లో ఏ కంప్యూటర్, ఏ చిప్, ఏ డ్రైవర్ పనిచేసిందో అందులో వ్రాయండి. సెలవులకు ఊరికి పోయేటప్పుడు ఆ డ్రైవర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి. అడగడానికి ఇంట్లో మనిషి లేని మనం ఒకరికొకరం ఆ మనిషి కావాలి.