ప్రవచన సంకేతములు: వాని యర్థము, వినియోగము

క్రైస్తవ వేదము మన తీరమునకు క్రొత్తది కాదు. 1805లో జార్జి క్రాను, అగస్టసు డేగ్రాంజి యను లండను మిషనరీలు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు తోడ్పాటుతో డేగ్రాంజి తెనిగించిన సువార్తలు, ఆయన మరణానంతరము 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున ముద్రితము లయ్యెను. క్రమముగా ఆ గ్రంథము విజయనగర, శ్రీకాకుళ ప్రాంతములకును వ్యాపించెను. ఐనను అందలి ప్రవచన భాగములను పలువురు కాలజ్ఞానమువలె, రాబోవు దినముల పట్టికగా జూచుచున్నారు. ఇది యుక్తమా?

మొదటి నియమము: గ్రంథము తానే చెప్పిన యర్థమును ముందుగా గ్రహింపవలెను. దస్తావేజునందలి పదమునకు ఆ దస్తావేజే నిర్వచన మిచ్చినపుడు న్యాయవాది వేఱొక యర్థమును గల్పింపరాదు గదా! యెహెజ్కేలు చూచిన యెండిన యెముకలు ఆశ యుడిగిన ఇశ్రాయేలు జనమని ఆ యధ్యాయమే పలుకును. దానియేలు చూచిన నాలుగు మృగములు నలుగురు రాజులనియు, ప్రకటన గ్రంథమందలి యేడు దీపస్తంభములు ఏడు సంఘములనియు ఆ గ్రంథములే విప్పి చెప్పుచున్నవి.

రెండవ నియమము: గ్రంథము విప్పి చెప్పని చోట, ఆ మాట ఎవరి కష్టమును గూర్చి పుట్టినదో విచారింపవలెను. ప్రకటన గ్రంథమున నల్లని గుఱ్ఱముపై నొకడు త్రాసు పట్టుకొని వచ్చును. ఒక దినపు కూలికి ఒక మనుష్యునికి చాలునంత గోధుమలే దొరకునని యొక స్వరము వినబడును. ఇక భార్యాబిడ్డలు తినునదేమి? ఇది కరవు చిత్రము. 1866లో నాటి గంజాము జిల్లాను పీడించిన క్షామమును విన్న మనకు ఈ గుఱ్ఱము పరదేశపుది కాదు.

మూడవ నియమము: ప్రవచనము తేదీని గాక నడతను గోరును. నలువది దినములలో నీనెవె నాశనమగునని యోనా చాటెను, ప్రజలు దుర్మార్గమును విడిచిరి, నగరము నిలిచెను. ప్రవచనము తప్పలేదు, ఫలించినది! అమెరికాలో విలియము మిల్లరు అనుచరులు దానియేలు సంఖ్యలను లెక్కించి 1844 అక్టోబరు 22న క్రీస్తు వచ్చునని నమ్మిరి. ఆ దినము గడచెను, మిగిలినది ఆశాభంగమే.

ఇక నేటి వినియోగము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. అట్టి వేళ యుగాంతమునకు దినములు లెక్కించుట సులభము. దానివలన నొక్క యాకలియు దీరదు. త్రాసు పట్టిన రౌతు మనల నడుగు ప్రశ్నలు వేఱు: ఆపత్కాలమున మన యంగడిలో ధర హెచ్చినదా? కొలత తగ్గినదా? కూలివాని యింట పొయ్యి వెలిగినదా?

సోదరులారా, సంకేతము దర్పణము వంటిది. అందు పొరుగువాని పాపమును వెదకువాడు చదువరి కాడు. తన ముఖమును జూచి దిద్దుకొనువాడే చదువరి.